ట్రేసింగ్ కాగితం దగ్గర ఆగిపోయిన పాఠం

తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ డైరెక్టర్ గారికి,



నేను హనుమకొండలో ఉండే ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్ని. పెళ్లిళ్లు, ఎంగేజ్‌మెంట్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తే వచ్చే డబ్బుతో ఇల్లు గడుస్తుంది. ముహూర్తాలు లేని రోజుల్లో పాలపొడి డబ్బాలు, అట్టపెట్టెలు, భూతద్దాలు ముందేసుకుని కెమెరాలు చేస్తుంటాను. మీకు రాస్తున్నది ఈ రెండో పని గురించి. బడి సైన్సు పాఠాల్లో సూదిబెజ్జం కెమెరా ఉంది. పుస్తకాలు మారాయి, పాఠం ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి జరిగింది, ఆ కెమెరా మాత్రం పోలేదు. దానితో పిల్లల చేత ఒక్క ఫొటో తీయించండి. నేను అడగదలచింది ఇంతే. ఇక రాసేదంతా అది ఎందుకు, ఎలా అన్నదే.

ఇప్పుడు తరగతిలో జరిగేది మీకు తెలుసు. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు అట్టపెట్టెలు. ఒకదానికి సన్న బెజ్జం, రెండోదానికి ట్రేసింగ్ కాగితం. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే బయటి చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. పిల్లలు నోరు తెరుస్తారు. కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుందని నోట్సు రాసుకుంటారు. బెల్లు కొడతారు, పెట్టె బీరువా మీదికి ఎక్కుతుంది. పేరుకది కెమెరా, దానితో ఫొటో తీసిన పిల్ల మాత్రం బడిలో ఒక్కతీ ఉండదు. హంపీకి విహారయాత్రకు వెళ్లిన పిల్లలు విరూపాక్ష ఆలయంలో ఇదే చూసి వస్తారు. తొమ్మిది అంతస్తుల రాజగోపురం నీడ లోపలి గోడ మీద తలకిందులుగా పడుతుంది. గైడు అదో మహత్తులా చెబుతాడు. మన పిల్లల్లో ఒకరైనా "ఇది మా పెట్టె లాంటిదే, ఇక్కడ కాగితం పెడితే ఫొటో పడుతుంది" అనగలిగితే నాకు అంతకన్నా సంతోషం లేదు.

ట్రేసింగ్ కాగితం ఉన్నచోట ఫొటో కాగితం పెట్టాలి, అంతే. కాకపోతే వెలుగు చొరబడని పెట్టె కావాలి కాబట్టి, మూత బిగుతుగా పట్టే రేకు డబ్బా మేలు. లోపల బ్లాక్‌బోర్డు పెయింట్ వేయాలి. మామూలు నల్ల ఎనామిల్ పనికిరాదు, అది మెరుస్తుంది. డబ్బా పక్కన వేలు పట్టేంత రంధ్రం చేసి, దాని మీద కూల్‌డ్రింక్ టిన్ను నుంచి కత్తిరించిన పల్చటి రేకు ముక్క అతికించాలి. బెజ్జం పడాల్సింది ఈ ముక్కకే. సూదిని గుచ్చకూడదు. మొన మాత్రం దిగేలా అదిమి తిప్పాలి, వెనక లేచిన గరుకును సన్న ఉప్పు కాగితంతో రుద్దెయ్యాలి, మళ్లీ మొనతో తిప్పాలి. బెజ్జం గుండ్రంగా వచ్చిందో లేదో భూతద్దంతో చూడాలి. షట్టర్ అంటే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క.

బెజ్జం ఎంత ఉండాలన్న దగ్గర అసలు సైన్సు మొదలవుతుంది. పెద్దదైతే బొమ్మ మసకబారుతుందని పిల్లలు వెంటనే ఊహిస్తారు. మరి చిన్నదయ్యేకొద్దీ బొమ్మ తేటగా రావాలి కదా? కొంతవరకు వస్తుంది, ఆ తర్వాత మళ్లీ మసకబారుతుంది. మరీ సన్న బెజ్జం అంచుల దగ్గర కాంతి వంగి చెదిరిపోతుంది. పెద్ద తరగతుల్లో వివర్తనం అని బట్టీ పట్టేది దీన్నే. రెండు మసకలకూ మధ్య సరిపోయే కొలత ఒకటుంటుంది. దాన్ని లెక్కగట్టినవారిలో లార్డ్ రేలీ ఒకరు. బెజ్జానికీ కాగితానికీ మధ్య దూరం పది సెంటీమీటర్లైతే బెజ్జం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. మా ఫొటోగ్రాఫర్ల భాషలో అది ఎఫ్/250. పెళ్లిలో నేను వాడే లెన్సు ఎఫ్/2.8. అంటే ఈ డబ్బాలోకి దానికంటే దాదాపు ఎనిమిది వేల రెట్లు తక్కువ వెలుగు వస్తుంది. దానికి తోడు ఫొటో కాగితం చాలా మందకొడి, దాని ఐఎస్ఓ ఆరు దగ్గర ఉంటుంది. అందుకే మంచి ఎండలో నిమిషం, శ్రావణ మబ్బుల్లో నాలుగైదు నిమిషాలు టేపు తెరిచి ఉంచాలి. ఈ లెక్కలు పిల్లలకు ముందే చెప్పేయకూడదని నా అభిప్రాయం. మొదటి కాగితం తెల్లగానో నల్లగానో వచ్చాక వాళ్లే అడుగుతారు.

చీకటి గదిలో ఎర్ర బల్బు కింద కాగితాన్ని డెవలపర్ ట్రేలో వేస్తే మొదట నల్లబడేది ఆకాశం. తర్వాత తెల్లగోడలు. చెట్లు చివరిదాకా తెల్లగానే ఉండిపోతాయి. వచ్చింది నెగెటివ్ మరి. ఇంట్లో ఎవరి ఫోనుతోనైనా దాన్ని ఫొటో తీసి నలుపూ తెలుపూ తిరగేస్తే పాజిటివ్ దొరుకుతుంది. ఆ కాగితానికి ఎర్రరంగు కనిపించదు కాబట్టే ఎర్ర బల్బు వెలిగించగలుగుతున్నాం. అదే కారణంగా ఫొటోలో ఎర్ర రిబ్బన్లు, కుంకుమబొట్టు నల్లగా పడతాయి. ఇది నేను పాఠంలా చెప్పలేదు. తెలిసిన టీచర్ల బళ్లలో అప్పుడప్పుడు ఈ పని చేయిస్తుంటాను. ఒకచోట ఒక అమ్మాయి తన ఫొటోలోని నల్ల రిబ్బన్లను, తలలోని ఎర్ర రిబ్బన్లను మార్చి మార్చి చూసి, ఎర్ర బల్బు వైపు వేలు చూపించింది. రెండూ ఒకటేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి పిల్లల్ని ఎక్కువ ఆకట్టుకుంటుంది. నిమిషం పాటు తెరిచి ఉంచిన కెమెరాకు కదిలే మనిషి కనిపించడు. వరంగల్ చౌరస్తాలో మధ్యాహ్నం డబ్బా పెట్టి తీస్తే ఆటోలూ బైకులూ జనమూ అన్నీ మాయం. దుకాణాల బోర్డులు, కరెంటు స్తంభాలు, అరుగు మీద కూర్చుని చెప్పులు కుట్టే ఆయన మిగులుతారు. 1838లో పారిస్‌లో డాగ్యూర్ తీసిన వీధి ఫొటోలోనూ ఇదే జరిగింది. రద్దీగా ఉన్న బులెవార్డ్ దు తాంప్ల్ ఖాళీగా పడింది, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన మనిషి మాత్రం అందులో దొరికాడు. మనిషి కనిపించే తొలి ఫొటోల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. మన పిల్లలు దీన్ని తిప్పి ఆడుకుంటారు. సగం సేపు నిలబడి పక్కకు తప్పుకుని దయ్యాల్లా పడతారు, ఒకడే రెండు చోట్ల నిలబడి ఇద్దరవుతాడు. పాఠంలో ఉన్న ఏ ప్రయోగం కన్నా ఇక్కడ వాళ్లకు స్వేచ్ఛ ఎక్కువ.

గుండ్రటి డబ్బాలో కాగితం వంగి ఉంటుంది కదా, అడ్డంగా ఉన్న సరళరేఖలు వంగిపోతాయి. వరంగల్ కోటలో కాకతీయ తోరణాన్ని అలా తీస్తే దాని పై దూలం విల్లైపోతుంది. నాకు బాగా ఇష్టమైన నా ఫొటోల్లో అదొకటి. దాన్ని ఏ క్లయింటూ కొనలేదనుకోండి.

పెళ్లిళ్లు తీసుకునే వాడికి ఇదంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. మా బతుకు పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కంటికి కనిపించకుండా పోయిన రోజుల్ని మూఢం అంటారు, అప్పుడు పెళ్లిళ్లుండవు. ఆషాఢంలో ఉండవు. ఫోను మోగదు. కెమెరా మీద తీసుకున్న అప్పు ఈఎంఐ మాత్రం మూఢం పాటించదు. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఒకే రోజు రెండు పెళ్లిళ్లు, తెల్లవారుజామున జీలకర్ర బెల్లం, సాయంత్రం ఇంకో ఊళ్లో రిసెప్షన్, వేల ఫ్రేములు, వాటిలో కరిజ్మా ఆల్బమ్‌కు ఎంపిక చేయడానికి రాత్రిళ్లు. సెకనుకు పది ఫొటోలు కొట్టే కెమెరా చేతిలో ఉంటే ఏ ఫొటో తీయాలన్న నిర్ణయం మనం చేయం, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఏరుకుంటాం. క్లయింట్ ఒక రీల్ చూపించి "ఇట్లనే కావాలన్నా" అంటాడు. అలాగే తీసిస్తాం. అందులో తప్పేమీ లేదు, అది కూలి.

డబ్బా కెమెరాలో ఒక్క కాగితమే పడుతుంది. తీశాక చీకటి గదికి వెళ్లి మార్చుకోవాలి. కాబట్టి టేపు తెరవకముందే నిర్ణయం జరిగిపోవాలి. వెలుగు ఎటు నుంచి, ఎంతసేపు, ఎవరు కదులుతారు, ఎవరు కదలరు. మూఢంలో పట్టుబడిన ఈ అలవాటు ముహూర్తాల్లోకి కూడా నాతో వచ్చింది. పాత భూతద్దాన్ని పీవీసీ కప్లింగులో బిగించి, కెమెరా బాడీ క్యాపుకు రంధ్రం చేసి తగిలించుకున్నాను. నడుమ తేటగా, అంచులు కరిగిపోయినట్టు వచ్చే లెన్సు అది. ఒక పెళ్లిలో పసుపు దంచుతున్న అమ్మమ్మ చేతుల్ని దానితో తీశాను. ఆల్బమ్ మొదటి పేజీకి ఆ ఇంటివాళ్లు ఎంచుకున్నది ఆ ఫొటోనే, పక్కన ఖరీదైన లెన్సు తీసిన వందల ఫొటోలుండగా. చేతిపని అన్నిసార్లూ గెలుస్తుందని కాదు. దానితో తీసినవాటిలో చాలా వరకు ఎవరికీ చూపించను.

మా వృత్తిలో మలుపులు కొన్ని ఇలాగే వచ్చాయి. 1956 నాటి సినిమా అపరాజితోకు కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్ వేశారు. ఆకాశం నుంచి నీడల్లేకుండా దిగే వెలుగు కావాలి. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్ మీద తెల్లగుడ్డ కట్టించి, లైట్లను కింది నుంచి దాని మీదికి కొట్టి ఆ వెలుగును రప్పించారు. ఇవాళ మేం ఫంక్షన్ హాళ్లలో ఫ్లాష్‌ను సీలింగుకు తిప్పి కొట్టడం ఆ దారిలోదే. ఇంకా వెనక్కి వెళితే, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థానంలో పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ మొదట ఇందౌర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగి. కెమెరా పట్టింది 1874లో. ఆ కాలంలో గాజుపలక మీద రసాయనం పూయడం దగ్గర నుంచి ఫొటోగ్రాఫరు చేతుల మీదుగానే సాగేది. 1892లో హైదరాబాద్‌లో ఆయన ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచారు, అందులో ఫొటోలు తీసేదీ ఆడవాళ్లే. పరికరం చేతిలోకి ఎవరికి వస్తుందన్నది ఎప్పుడూ పెద్ద సంగతే.

చేతి కెమెరాల ముచ్చట వస్తే చెక్ దేశపు మిరొస్లావ్ తీఖీ పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు. అట్టలు, డబ్బా మూతలతో కెమెరాలు చేసి, ప్లాస్టిక్ ముక్కల్ని టూత్‌పేస్టుతో, బూడిదతో పాలిష్ పట్టి లెన్సులు తయారుచేశాడు. ఆ పనితనానికి దణ్ణం పెడతాను. కానీ ఆయన తన ఊళ్లో ఆడవాళ్లను వాళ్లకు తెలియకుండా తీసేవాడు. పిల్లలకు ఈ కెమెరా నేర్పేటప్పుడు అడిగి ఫొటో తీయడం కూడా నేర్పాలి. నిమిషం సేపు కదలకుండా నిలబడమని అడగక తప్పని కెమెరా ఇది, ఆ విషయంలో మనకు సాయమే చేస్తుంది.

ఇక ఖర్చు. ఊటీలో 1960లో ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉన్నన్నాళ్లూ ఇందు పేరుతో ఫిల్మూ పేపరూ దేశంలోనే దొరికేవి. మా ముందు తరం స్టూడియోల వాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఇంగ్లండ్ ఇల్ఫర్డో, చెక్ ఫోమానో తెప్పించుకోవాలి. ధర ఎక్కువే. అయితే ఎనిమిది బై పది అంగుళాల కాగితం ఒకటి కోస్తే ఎనిమిది చిన్న ముక్కలవుతాయి. ఇరవై ఐదు కాగితాల పెట్టె ఒకటి కొంటే రెండు వందల మంది పిల్లలకు తలా ఒక ఫొటో. డెవలపర్ కూడా కొనక్కర్లేదు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ క్లాసులో బయటపడిన కెఫనాల్ ఉంది. లీటరు నీళ్లలో 54 గ్రాముల వాషింగ్ సోడా, 16 గ్రాముల విటమిన్ సి పొడి, 40 గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీ. చౌకరకం కాఫీయే బాగా పనిచేస్తుంది, అరకు అరబికా ఇందులో పోయకండి. వాసన భరించలేం, కాగితానికి కాస్త టీ రంగు అంటుతుంది, పిల్లలు మాత్రం కాఫీతో ఫొటో వచ్చిందని ఇంటికెళ్లి వారం రోజులు చెబుతారు. బొమ్మను స్థిరపరిచే హైపో ఒక్కటీ కొనాలి. వాడేసిన హైపోలో వెండి కరిగి ఉంటుంది, దాన్ని మోరీలో పారబోయకుండా క్యానులో పోసి పెట్టాలి.

చీకటి గదే లేని బడికి సయనోటైప్ ఉంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెరిసయనైడ్ అనే రెండు ద్రావణాల్ని సమానంగా కలిపి, డ్రాయింగ్ షీటు మీద బ్రష్షుతో పూసి నీడలో ఆరబెట్టాలి. దాని మీద ఆకో పువ్వో పెట్టి, గాజుపలక అదిమి, ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే నీలిరంగు బొమ్మ. ఎండకు మనకు కరువా! ఫెరిసయనైడ్‌ను ఆమ్లాల దగ్గరికి రానివ్వకూడదు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. మన ల్యాబుల్లో పిల్లలు ముట్టుకునే రసాయనాల కన్నా ఇది ప్రమాదమేమీ కాదు. హెర్షెల్ పద్ధతితో అన్నా అట్కిన్స్ 1843లో సముద్రపు నాచుల్ని అచ్చొత్తి పుస్తకమే తెచ్చింది. ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకం అదేనంటారు. మన పిల్లలకు బతుకమ్మ రోజుల్లో తంగేడూ గునుగూ చేతి నిండా ఉంటాయి. పేర్చగా మిగిలిన రెమ్మలతో ప్రతి బడీ తన ఊరి మొక్కల పుస్తకం చేసుకోవచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైంది సోలార్‌గ్రఫీ. డబ్బాలో ఫొటో కాగితం పెట్టి నెలల తరబడి తెరిచి ఉంచేస్తారు. సూర్యుడు రోజూ ఒక గీత గీస్తాడు. డెవలపర్ అక్కర్లేదు, వెలుగుకే కాగితం రంగు మారుతుంది, తీసి స్కాన్ చేసుకోవడమే. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయపు బేఫర్డ్‌బరీ అబ్జర్వేటరీలో రెజీనా వాల్కెన్‌బర్గ్ 2012లో పెట్టి మరచిపోయిన డబ్బా 2020లో దొరికింది, ఎనిమిదేళ్ల సూర్యుడు అందులో ఉన్నాడు. అక్కడి బొమ్మల్లో గీతలు విల్లుల్లా వంగి ఉంటాయి. మనం ఉన్నది పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం దగ్గర. తూర్పు ముఖంగా డబ్బా కడితే గీతలు కాస్త దక్షిణానికి వాలి దాదాపు నిలువుగా లేస్తాయి, సంక్రాంతి నుంచి రోజురోజుకీ ఉత్తరానికి జరుగుతాయి. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడే ఉండదు, ఆ తర్వాత ఉత్తరానికి దాటిపోతాడు. ఉత్తరాయణం అన్న మాట పిల్లలు ఎన్నో పండుగల్లో విని ఉంటారు. సంక్రాంతి సెలవుల తర్వాత బడి మేడ మీద డబ్బా కట్టి, జూన్‌లో బడి తెరిచాక విప్పితే దాన్ని కాగితం మీద చూస్తారు. ఒక్క జాగ్రత్త, గట్టి తీగతో కట్టాలి. మన ఊళ్లలో డబ్బాకు వాన కన్నా కోతులతో ముప్పు ఎక్కువ.

ఫోన్లుండగా ఇదంతా దేనికని కొందరు అధికారులు అడుగుతారు. పిల్లలు ఫోనుతో రోజూ ఫొటోలు తీస్తూనే ఉన్నారు, తీయనివ్వండి. ఆ ఫోను ఎంతసేపు చూసింది, ఎంత వెలుగు తీసుకుంది, ఏది పదును పెట్టింది, ఏ ముఖాన్ని తెల్లగా చేసింది అన్నవన్నీ అదే తేల్చుకుని చెప్పకుండా ఇచ్చేస్తుంది. డబ్బాలో అవన్నీ పిల్ల తేల్చుకోవాలి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా అడుగుతున్నాను. దీన్ని ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్‌ఏ) ప్రాజెక్టుల్లో చేర్చకండి. మార్కులున్న ప్రతి ప్రాజెక్టూ స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా అమ్ముడవుతోంది. థర్మాకోల్ అగ్నిపర్వతాలు, థర్మాకోల్ గుండెకాయలు. రేపు సూదిబెజ్జం కెమెరా, లోపల ముందే తీసిన ఫొటోతో సహా, కవరులో వేలాడుతుంది. మార్కులు లేకపోతే చేసేవాళ్లు తగ్గుతారంటారా? తగ్గనివ్వండి. చేసినవాళ్ల ఫొటోలు గోడ మీద చూశాక మిగతావాళ్లు డబ్బాలు వెతుక్కుంటారు.

మీ నుంచి కావలసింది కొత్త పథకం కాదు. టీచర్ల చేతిపుస్తకంలో ఆ పాఠం కింద ఒక్క పేజీ. టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీల్లోనో, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనో ఒక పూట. ఫిజికల్ సైన్సు టీచర్ ఒక్కసారి తన చేత్తో ఫొటో తీస్తే ఇక చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ చదివే పిల్లలున్నారు, వాళ్లకు ఇది మంచి ఫీల్డు వర్కు. అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్న బళ్లలో త్రీడీ ప్రింటర్లున్నాయి. వాటితో కీచైన్లకు బదులు కెమెరా పెట్టెలు అచ్చువేయవచ్చు. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచమంతా సూదిబెజ్జం ఫొటోగ్రఫీ దినం జరుపుకుంటోంది, 2001 నుంచి. అప్పటికి మన పిల్లలకు సెలవులు మొదలై ఉంటాయి, అది ఇంకా మంచిది.

జిల్లాకో ఇద్దరు ముగ్గురం ఇలాంటి పిచ్చి ఉన్న ఫొటోగ్రాఫర్లం ఉన్నాం. మా వేళలు కాస్త వేరు. మాఘ, ఫాల్గుణాల్లో పిలిస్తే రాలేం, ఆషాఢంలో ఎప్పుడైనా సరే. మీరు వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ఏదో ఒక ప్రభుత్వ బడిని ఎంచండి. డబ్బాలు, కాగితం, ట్రేలు, హైపో నేను తెస్తాను. బడి సమకూర్చాల్సింది కుళాయి ఉన్న ఒక గది, కిటికీలకు కప్పడానికి దుప్పట్లు.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

హనుమకొండ నుంచి
ఒక ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్